హిర్టా దీవి వారి దేవాలయము, సభ, బడి

స్కాట్లాండు దేశమునకు పడమట, అట్లాంటిక్ మహాసముద్రములో, హెబ్రిడీసు దీవులను దాటి మరి నలువది మైళ్లు పోయినచో సెయింట్ కిల్డా యను చిన్న దీవుల గుంపు కానవచ్చును. అందు నాలుగు దీవులును, సముద్రములోనుండి నిట్టనిలువుగా లేచిన కొన్ని రాతికంబములును గలవు. మనుష్యులు స్థిరముగా కాపురముండినది హిర్టా యను దీవిలో మాత్రమే. ఈ దీవి యొక కొననుండి వేఱొక కొనకు సుమారు రెండు మైళ్లు. చెట్టన్నది లేదు. కొనాకైర్ అను కొండ 1,400 అడుగుల యెత్తు లేచి, ఉత్తరపు ప్రక్కను గోడవలె సముద్రములోనికి దిగుచున్నది. పూర్వము శీతకాలమున పెనుగాలులు వీచునపుడు నెలల తరబడి ఏ పడవయు ఆ తీరమును చేరజాలకుండెను.

ఇట్టిచోట మనుష్యులు రెండువేల సంవత్సరములకు తక్కువగాక నివసించిరి. వారి సంఖ్య యెన్నడును 180కి మించినట్లు కనబడదు. 1930వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని, మిగిలియున్న 36 మందియు ఓడనెక్కి దీవిని విడిచిపోయిరి.

ఇంత చిన్న దీవి చరిత్ర మనకేల యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. పెద్ద రాజ్యముల చరిత్రలో రాజులు, యుద్ధములు, సంధులు మొదలగువాని సందడిలో మన కంటబడకపోవు సంగతి యొకటి యీ చిన్నచోట స్పష్టముగా కనబడును. గ్రామము నిలుచుటకు దైవభక్తియు, కూడి యాలోచించు నలవాటును, విద్యయు కావలయును. హిర్టా వారికి మొదటి రెండును సమృద్ధిగా నుండెను. మూడవది ఆలస్యముగా వచ్చెను. ఆ యాలస్యమునకు వారెంత వెల యిచ్చుకొనిరో చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

జీవనము

ఆ జనులు గేలిక్ భాష మాటలాడువారు. దీవికి మాక్‌లౌడ్ వంశమువారు భూస్వాములు. ప్రజలు శిస్తును రొక్కముగా గాక పక్షుల యీకలు, నూనె, ఉన్ని, నేసిన బట్టలు మొదలగు వానిరూపమున చెల్లించుచుండిరి. కొలదిపాటి నేలలో బార్లీయు, ఓట్సు ధాన్యమును వేయుచుండిరి గాని ఉప్పుగాలికి పైరు తరచు చెడిపోవుచుండెను. చుట్టునున్న సముద్రము మిక్కిలి యుగ్రమైన దగుటచే చేపల వేటకంటె పక్షుల వేటయే వారికి ముఖ్యాధారమయ్యెను.

గానెట్, ఫుల్మార్, పఫిన్ అను సముద్రపు పక్షులు లక్షలకొలది ఆ కొండచరియలలో గూళ్లు పెట్టుకొనును. పురుషులు నడుమునకు మోకు బిగించుకొని పైనుండి దిగి, ఆ పక్షులను, వాని గ్రుడ్లను తెచ్చుచుండిరి. పైనున్నవాడు మోకు పట్టుకొనుచుండెను. క్రిందివాని ప్రాణము పైవాని చేతిలో నుండెడిది. ఒకనినొకడు నమ్మనిచో అట్టి వృత్తి యొక్క దినమైనను సాగదు. పట్టిన పక్షులను నిలువచేయుటకై వారు రాతి కొట్లు కట్టుకొనిరి. వీనికి క్లీట్లని పేరు. సున్నము లేకయే రాతిపై రాయి పేర్చి, పైన పచ్చికతో కూడిన మట్టిగడ్డలను కప్పుదురు. గాలి రాతిసందులగుండ దూరి లోపలి పదార్థముల నారబెట్టును. వాన మాత్రము లోనికి రాదు. ఇట్టివి హిర్టాలో 1,200కు పైగా నేటికిని నిలిచియున్నవి.

ప్రాతఃకాలపు సభ

ఆదివారము తప్ప ప్రతిదినము ఉదయమున, ప్రార్థనయైన పిమ్మట, ఆ గ్రామపు పురుషులందరును వీథిలో గూడుచుండిరి. ఆ సభకు అధ్యక్షుడు లేడు. వ్రాసియుంచిన నియమములు లేవు. ఎవరికి తీరినపుడు వారు వచ్చి గోడల నానుకొని నిలుచుందురు. ప్రతివానికిని మాటలాడు హక్కు కలదు. నేడు పక్షులకు పోవలెనా, పడవ దింపవలెనా, గొఱ్ఱెలను తోలవలెనా, ఏ మోకు బలముగా నున్నది, గాలి యెటు తిరుగుచున్నది, ఇట్టి సంగతులను చర్చించి పనులు నిర్ణయించుకొనుచుండిరి. ఒక్కొక్కప్పుడు వాదము ప్రబలి సాయంకాలమువరకు సాగి, ఆ దినపు పనియే పోవుటయు గలదు. 19వ శతాబ్దమున దీవిని చూడవచ్చిన యాత్రికులు దీనికి పార్లమెంటని పేరు పెట్టిరి.

ఈ పేరులో కొంత పరిహాసమున్నను సభ చేసిన పని పరిహాసము గాదు. పడవలు ఉమ్మడి సొత్తు. కొండచరియలను కుటుంబములవారికి పంచి యిచ్చుచుండిరి. ఉమ్మడిగా పట్టిన పక్షులను ఇండ్లవారీగా భాగములు వేసికొనుచుండిరి. దీవిలో కొత్వాలు లేడు, న్యాయాధిపతి లేడు, చెరసాల లేదు. లిఖితముగా తెలియవచ్చిన నాలుగు శతాబ్దముల చరిత్రలో ఆ దీవివాడు ఘోర నేరము చేసినట్లు ఒక్క దాఖలాయు లేదు.

అయినను ఆ సభకు రెండు కొఱతలు గలవు. మొదటిది, అందు స్త్రీలకు చోటు లేదు. బరువులు మోయుట, పాలు పితుకుట, ఉన్ని వడకుట, పఫిన్ పక్షులను పట్టుట మొదలగు పనులలో సగమునకు పైగా స్త్రీలవే యైనను, గ్రామకార్యములయందు వారి మాట బహిరంగముగా వినబడదు. రెండవది, సభ యెంత యోగ్యమైనదైనను తనకు తెలిసిన విషయములను గూర్చియే నిర్ణయింపగలదు. మోకును గూర్చి, గాలిని గూర్చి వారికి తెలియనిది లేదు. రోగమును గూర్చి వారికి తెలిసినది స్వల్పము.

దేవాలయము

దీవిలో పూర్వము మూడు చిన్న ప్రార్థనామందిరము లుండినట్లు గురుతులు కలవు. కాని వాక్యము బోధించువాడు ఏండ్లకొలది లేకుండుటచే, పాతకాలపు నమ్మికలును క్రైస్తవ మతమును కలగాపులగముగా నుండెను. 1697లో మార్టిన్ మార్టిన్ అను స్కాట్లాండు గ్రంథకర్త అచ్చటికి పోయి, చూచినదంతయు వ్రాసి మరుసటి సంవత్సరము ప్రకటించెను. అప్పటి జనసంఖ్య సుమారు 180. ఆయన వ్రాసిన విషయములలో రోడరిక్ అను యువకుని కథ యొకటి ముఖ్యమైనది. బాప్తిస్మమిచ్చు యోహాను తనకు ప్రత్యక్షమై ఉపదేశించెనని వాడు చెప్పుకొని, క్రొత్త ప్రార్థనలు, ఉపవాసములు, ప్రాయశ్చిత్తములు కల్పించి, కొన్నియేండ్లు దీవి జనులను తన వశమున నుంచుకొనెను. చివరకు వాని మోసము బయటపడగా వానిని దీవినుండి తీసికొనిపోయిరి. ఆ జనులు భక్తిలేనివారై మోసపోలేదు. పరిశుద్ధ గ్రంథమును తాము చదివి చూచుకొన నేరని వారగుటచే మోసపోయిరి.

1705లో అలెగ్జాండర్ బకన్ అను బోధకుడు అచ్చటికి పంపబడెను. ఆయన చాలకాలము దీవియందే యుండి బోధించెను. 1727లో మశూచి దీవిలో ప్రవేశించెను. ఆ వేసవి చివర ముగ్గురు పురుషులును ఎనిమిదిమంది బాలురును గానెట్ పక్షులకై స్టాక్ ఆన్ ఆర్మిన్ అను రాతికంబముపై దింపబడి యుండిరి. వారిని మరల తీసికొనివచ్చుటకు పడవ నడుపగల పురుషులు గ్రామములో మిగులలేదు. ఆ పదునొకండుగురును పక్షులను, చేపలను తినుచు, ఆ బండపై శీతకాలమంతయు గడిపి, మరుసటి వసంతకాలమున భూస్వామి పక్షమున వచ్చిన పడవవలన రక్షింపబడిరి. వారు తిరిగివచ్చి చూచునప్పటికి ఇండ్లు చాలవరకు శూన్యములై యుండెను. పిమ్మట భూస్వామి ఇతర దీవులనుండి కుటుంబములను తెచ్చి కాపురముంచెను.

1822లో జాన్ మాక్డొనాల్డు అను ప్రసిద్ధ ప్రసంగి దీవికి వచ్చి, పదునొకండు దినములలో పదుమూడు ప్రసంగములు చేసెను. ఆయన ప్రేరేపణవలన సొమ్ము కూడి, దేవాలయమును పాదిరిగారి యిల్లును నిర్మింపబడెను. 1830లో నీల్ మెకెంజీ అను పాదిరి కాపురమునకు వచ్చెను. ఈయన ఆత్మలను గూర్చి మాత్రమేగాక ఇండ్లను గూర్చియు చింతించినవాడు. అప్పటి యిండ్లలో మనుష్యులును పశువులును ఒకే కప్పుక్రింద నుండిరి. శీతకాలమంతయు పేడను బయట పారవేయక నేలపైననే పేరుకొననిచ్చి వసంతమున పొలమునకు తోలుచుండిరి. మెకెంజీ పాదిరిగారు పొలములను కుటుంబములకు వేర్వేరుగా పంచి యిప్పించి, చంద్రవంకవంటి యొక్క వీథిలో క్రొత్త యిండ్లు కట్టుటకు జనులను ప్రోత్సహించిరి. బడి పెట్టి చదువు చెప్పిరి. జనన మరణముల పట్టిక వ్రాయ మొదలిడిరి. ఆ పట్టికలోనే యీ దీవికి సంభవించిన మహాదుఃఖము మొదటిసారి లెక్కలలోనికి వచ్చెను.

స్కాట్లాండు సంఘములో 1843లో గొప్ప చీలిక యేర్పడెను. హిర్టా వారు ఫ్రీ చర్చి యను స్వతంత్ర సంఘమును చేరిరి. 1852లో 36 మంది దీవివారు ఆస్ట్రేలియాకు వలసపోయిరి. వారిలో ననేకులు త్రోవలోనే మరణించిరి. సుమారు 110 మంది గల గ్రామములో ఆ లోటు మరల పూడలేదు.

1865నుండి 1889వరకు జాన్ మకాయ్ అను పాదిరి ఉండెను. ఈయన మిక్కిలి నిష్ఠగలవాడు. ఆదివారమున మూడు ఆరాధనలు. ఒక్కొక్కటి రెండు మూడు గంటలు. ఆనాడు బావినుండి నీరు తెచ్చుటయు, వీథిలో బిగ్గరగా మాటలాడుటయు తప్పిదములే. పిల్లలు ఆటలాడరాదు, ఎచ్చటికి పోయినను పరిశుద్ధ గ్రంథము చేతబట్టుకొని పోవలెను. ఆహారము కొఱవడిన యొక సమయమున శనివారము ఓడ రాగా, ఆదివారమునకు సిద్ధపడవలెనని సరకు దింపనీయక, సోమవారమువరకు నిలిపిరని చెప్పుదురు. ఇట్టి కాఠిన్యమును సందర్శకులు తీవ్రముగా విమర్శించిరి. అయినను ఇరువదినాలుగు సంవత్సరములు ఆ యొంటరి దీవిలో జనులతోకూడ కష్టములనుభవించినవాడని కూడ మనము మఱువరాదు.

ఎనిమిది దినముల జబ్బు

ఇక ఆ మహాదుఃఖమేదనగా: దీవిలో పుట్టిన శిశువులు మొదట ఆరోగ్యముగానే యుందురు. నాలుగవ లేక అయిదవ దినమున పాలు త్రాగుట మానుదురు. దవడలు బిగిసికొనిపోవును. శరీరము విల్లువలె వంగును. ఎనిమిదవ దినము ప్రాంతమున ప్రాణము పోవును. కావున దానికి ఎనిమిది దినముల జబ్బు అని పేరు వచ్చెను. 19వ శతాబ్దమున పెక్కు సంవత్సరములలో పుట్టిన శిశువులలో సగమునకు పైగా నిట్లు చనిపోయిరి. బిడ్డ పుట్టిన యింట సంతోషించుటకు ఎనిమిది దినములు గడువవలసి యుండెను.

దీనిని వైద్యులు నవజాత శిశువుల ధనుర్వాతమందురు. దీని కారణమైన సూక్ష్మజీవి మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. మలినమైన కత్తితో బొడ్డుకోసినను, కోసినచోట అశుభ్రమైన పదార్థము పూసినను అది శిశువు దేహములో ప్రవేశించును. హిర్టాలో మంత్రసానులు బొడ్డుపై ఫుల్మార్ పక్షి నూనె పూయుచుండిరనియు, ఆ నూనెను గానెట్ పక్షి కడుపుసంచిలో నిలువచేయుచుండిరనియు, అదియే విషమై యుండవచ్చుననియు కొందరి యభిప్రాయము. ఎట్లైనను శుభ్రత లేమియే మూలము. మంత్రసాని ప్రేమతోనే చేసెను. తల్లి ప్రార్థించుచునే యుండెను. సభలోని పురుషులు తమ బిడ్డలనే పాతిపెట్టుచుండిరి. ఎవరికిని దయ తక్కువ గాదు. కారణము తెలియకపోవుటయే తక్కువ. తెలియనప్పుడు అనేకులు దీనిని దైవచిత్తమని యెంచి తలవంచిరి.

1889లో కిటసాటో అను జపాను దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు బెర్లిను నగరమున ధనుర్వాత బీజమును వేరుచేసి పెంచగలిగెను. ఆ సంవత్సరముననే హిర్టాకు ఆంగస్ ఫిడెస్ అను క్రొత్త పాదిరి వచ్చెను. ఈయన శిశువుల సమాధులను చూచి ఊరకుండలేదు. గ్లాస్గో నగరమునకు పోయి, ప్రసవకాలమున పాటింపవలసిన శుభ్రతావిధులను వైద్యులవద్ద నేర్చుకొనెను. తిరిగివచ్చి, చేతులు కడుగుకొనుట, కత్తిని పరిశుద్ధము చేయుట, బొడ్డుకు క్రిమినాశకములు వాడి శుభ్రమైన బట్ట కట్టుట, వీనిని దీవిలో ప్రవేశపెట్టుటకు ప్రయాసపడెను. మొదట ప్రతిఘటన లేకపోలేదు. తరతరములుగా వచ్చిన యాచారమును ఒక పాదిరి వచ్చి మార్చుమనుట మంత్రసానులకు రుచింపదు గదా. అయినను ఆయన పట్టువిడువలేదు. 1890కి పిమ్మటి కొలది సంవత్సరములలోనే ఆ జబ్బు దీవినుండి తొలగిపోయెను.

విద్యార్థులు ఈ సంగతిని చక్కగా ఆలోచింపవలెను. ఫిడెస్‌గారు చేసినది ప్రార్థన మానుట గాదు. ప్రార్థించుచునే, తనకు తెలియనిదానిని తెలిసినవారివద్దకు పోయి నేర్చుకొనెను. పాదిరియైన తాను మరల శిష్యుడగుటకు సిగ్గుపడలేదు. ఆయన నేర్చినది అంత కఠినమైన విద్యయు గాదు. వేడినీరు, శుభ్రమైన బట్ట, కడిగిన చేయి, ఇవియే దానిలో ముఖ్యభాగము. ఇంత స్వల్పమైన జ్ఞానము ఆ యింటింటికిని అందకపోవుటచే ఎందరు తల్లుల యొడి శూన్యమయ్యెనో తలంచుకొన్నచో హృదయము బరువెక్కును.

బడి

స్కాట్లాండులో 1872లో పిల్లలందరికిని నిర్బంధవిద్య శాసనమాయెను. కాని హిర్టాలో స్థిరమైన బడి 1884 ప్రాంతమునగాని నడువలేదు. 1898లో దేవాలయమునకు ప్రక్కను బడిగది కట్టబడెను. ఆ గదిలో పిల్లలు ఇంగ్లీషు చదువుటయు లెక్కలును నేర్చుకొనిరి. దూరదేశముల పటములను చూచిరి. తపాలాకచ్చేరియు ఆ ప్రాంతముననే వచ్చెను. దీవి వెలుపలి లోకమునకు తలుపు తెరువబడెను.

తెరచిన తలుపు రెండు వైపులకును దారియే. వేసవిలో యాత్రికుల ఓడలు వచ్చుచు, దీవివారి నేత బట్టలను, పక్షుల గ్రుడ్లను రొక్కమునకు కొనుచుండెను. ఓడలతోకూడ జలుబులు, జ్వరములు వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున నౌకాదళమువారు అచ్చట స్థావరమేర్పరుపగా కూలి, ఆహారము, ఉత్తరములు క్రమముగా దొరకెను. 1918 మే 15వ తేదీని జర్మను జలాంతర్గామి యొకటి వచ్చి గ్రామముపై 72 గుండ్లు ప్రేల్చగా దేవాలయమును పాదిరిగారి యిల్లును దెబ్బతినెను గాని ప్రాణహాని కలుగలేదు. యుద్ధము ముగిసి నౌకాదళము వెళ్లినతోడనే పాత యొంటరితనము మరల వచ్చెను. కాని ఇప్పుడు యువకులకు వేఱొక జీవితము తెలిసియున్నది. వారు ఒక్కరొక్కరే వెళ్లిపోయిరి. 1920 ప్రాంతమున 70కి పైగా నున్న జనము 1928 నాటికి 37 అయ్యెను. మోకు పట్టుటకు, పడవ లాగుటకు తగినంతమంది పురుషులు లేనప్పుడు ఉమ్మడి జీవనమెట్లు సాగును?

చివరి యర్జీ

1930 ఆరంభమున ఒక యౌవన స్త్రీ జబ్బుపడి, ఆలస్యముగా గ్లాస్గోకు చేర్పబడి మరణించెను. ఆ దుఃఖము గ్రామమును కదల్చెను. దీవిలో పనిచేయుచున్న నర్సు విలియమినా బార్‌క్లే వారితో ఇంటింట మాటలాడెను. 1930 మే 10వ తేదీని తమ్మును దీవినుండి తరలించి ఇతరచోట్ల ఇండ్లును పనియు చూపవలసినదని ప్రభుత్వమునకు అర్జీ వ్రాసికొనిరి. దానిపై 20 మంది చేవ్రాళ్లు గలవు. ప్రాతఃకాలపు సభలో చోటులేని స్త్రీలు కూడ ఆ కాగితముపై చేవ్రాలు చేసిరి. దీవి చరిత్రలో పురుషులును స్త్రీలును కలిసి బహిరంగముగా చేసిన తీర్మానము, ఆ దీవిని విడుచుటకైన తీర్మాన మగుట శోచనీయము.

ఆగస్టు 29వ తేదీ ఉదయమున వారు ప్రతి యింటను పరిశుద్ధ గ్రంథమును తెరచియుంచి, ప్రక్కను గుప్పెడు ఓట్సు గింజలు పోసి, తలుపులు మూసి, హేర్‌బెల్ అను ప్రభుత్వపు ఓడ నెక్కిరి. అనేకులకు స్కాట్లాండు పడమటి తీరమున నున్న లోకలైన్ ప్రాంతమున ఇండ్లు చూపబడెను. పురుషులలో పెక్కురకు అడవిశాఖలో పని యిచ్చిరి. చెట్టన్నది లేని దీవిలో పెరిగినవారు మొక్కలు నాటుట నేర్చుకొనవలసి వచ్చెను.

ఆ దీవి 1957లో స్కాట్లాండు నేషనల్ ట్రస్టు వశమయ్యెను. 1986లో ప్రకృతి సంపదకును, 2005లో మనుష్యుల సంస్కృతికిని ప్రపంచ వారసత్వ స్థలముగా ఎన్నబడెను. దేవాలయమును బడిగదియు బాగుచేసి కాపాడబడుచున్నవి. సైన్యపు కేంద్రములో పనిచేయువారును, పరిశోధకులును, వేసవిలో సందర్శకులును వచ్చి పోవుదురు గాని స్థిరనివాసులెవరును లేరు.

చదువు ముందుగా వచ్చియుండినచో హిర్టా నిలిచియుండునా? నిశ్చయముగా చెప్పజాలము. అంత చిన్న గ్రామమునకు సముద్రము, వలస, కాలము అన్నియు ప్రతికూలములే. కాని ఒక్కటి మాత్రము నిశ్చయము. ఫిడెస్‌గారు నేర్చినది అరువది సంవత్సరములు ముందుగా తెలిసియుండినచో ఆ వీథిలో మరి యెందరో పిల్లలు పరుగెత్తి యుండెడివారు. మోకు పట్టుటకు మరి యెన్నో చేతులుండెడివి. భక్తి వారికి దుఃఖమును సహించు బలమిచ్చెను. సభ వారికి ఉన్నదానిని న్యాయముగా పంచుకొను పద్ధతి నేర్పెను. చావవలసిన పనిలేని బిడ్డను బ్రతికించుట మాత్రము విద్యవలననే సాధ్యమయ్యెను.

కావున చదువరులారా, మన యిండ్లలోను గ్రామములలోను దైవచిత్తమని మనము విడిచిపెట్టుచున్న దుఃఖములలో, నేర్చుకొన్నచో తొలగింపదగినవి యెన్ని యున్నవో విచారించుట మన విధి. బడిలో నేర్చిన పాఠము బడిలోనే యుండిపోక, తల్లికి, పొరుగింటివారికి, గ్రామమునకు చేరవలెను. దేవాలయము, సభ, బడి యను మూడును ఒక్క వీథిలో ఒకదానికొకటి తోడుగా నుండుటయే క్షేమము.